శస్త్రము లేని మూలవ్యాధి చికిత్స: ఒక చారిత్రక పరిశీలన

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణముల నడుమనున్న గరిడేపల్లి పల్లెపట్టున మొలల బాధ సిగ్గుచే దాచుకొను వ్యాధి. గంటలకొలది వంగి నాట్లు వేసిన స్త్రీయు, దినమంతయు ట్రాక్టరుపై కూర్చుండిన యువకుడును రక్తము కనబడిన పిమ్మటనే, అదియు గుట్టుగానే, వైద్యుని వెదకుదురు. ‘ఆపరేషన్ లేకుండా మొలలకు చికిత్స’ అను బోర్డులు పట్టణవీథులలో నిట్టివారికొరకే వెలయుచున్నవి. ఈ వాగ్దానము నూతనమని పెక్కురు తలంతురు. కాని శస్త్రము లేని చికిత్స శస్త్రచికిత్స యంత ప్రాచీనము, దానికి పూర్వులు విధించిన హద్దులును అంత ప్రాచీనములే.

సుశ్రుతసంహిత చికిత్సాస్థానమున ఆరవ యధ్యాయము అర్శస్సులను, అనగా మొలలను, గూర్చినది. భేషజము, క్షారము, అగ్ని, శస్త్రము అను నాలుగుపాయములను జెప్పిన యాచార్యుడు, ఏది యెవరికి తగునో నిర్ణయించిన తీరు నేటికిని ఆదరణీయము. క్రొత్తగా బుట్టి, దోషలక్షణోపద్రవములు స్వల్పముగనున్న మొలలకు మందు చాలును. మెత్తనై, వ్యాపించి, లోతుననుండి పైకుబికినవానికి క్షారము. గరుకై, స్థిరమై, లావై గట్టిపడినవానికి అగ్ని. మొదలు సన్నమై యెత్తుగనుండి స్రవించువానికి శస్త్రము. కంట జూడక చేయు చికిత్స చికిత్స కాదు గనుక, ఆవు చనుకట్టు ఆకారమున నాలుగంగుళముల అర్శోయంత్రమును సైతము ఆయన వర్ణించెను. లోన బరీక్షింపక మందు చేతబెట్టువారు ఈ యొక్క విషయమునైనను గమనింపదగును.

చరకసంహిత మొగ్గు మందులవైపునకే. శస్త్రక్షారాగ్నులు అనుభవజ్ఞుల చేతులనే సాగవలెననియు, తప్పినచో దారుణోపద్రవములు కలుగుననియు హెచ్చరించి, వాతకఫజములైన మొలలకు మజ్జిగను మించిన యౌషధము లేదని ఆ గ్రంథము ప్రశంసించినది. తెలుగు వైద్యులకు బసవరాజీయమను వైద్యగ్రంథము, హకీములకు గుగ్గులు చేరిన బవాసీరు (మొలల) మాత్రలు చిరకాలము ఆధారములైనవి. పదునొకండవ శతాబ్దమున చక్రపాణిదత్తుడు పేర్కొన్న క్షారసూత్రమును గత శతాబ్దమున కాశీ హిందూ విశ్వవిద్యాలయమున పి.జె. దేశ్‌పాండే ప్రభృతులు పునరుద్ధరించిరి. జెముడుపాలు, ఉత్తరేణి క్షారము, పసుపులతో 21 పూతలు పూసిన యీ నూలుదారము భగందరమున (ఫిస్టులాయందు) మిక్కిలి ప్రసిద్ధమైనను, మొలలను మొదలంట గట్టుటకును ఉపయోగపడుచున్నది.

పాశ్చాత్యదేశములలో 1869లో డబ్లిను వైద్యుడు మోర్గన్ మొలలోనికి సూదిమందు నెక్కించుటకు దారి తీసెను. 1871లో అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రమున మిచెల్ అను నాతడు కార్బాలిక్ ఆమ్లమును ఆలివు నూనెలో గలిపి వాడెను. ఆ కిటుకు ఊరూర దిరుగు కపటవైద్యుల చేతబడి యెందరికో హాని చేసినది. విద్య యెంత మంచిదైనను పరీక్షలేని చేతిలో విషమగునని చెప్పుటకు ఇంతకన్న నిదర్శనమేల? 1963లో బారన్ ప్రచారము చేసిన రబ్బరు ఉంగరము, నొప్పి తెలియని పైపొరయందు మొల మొదట బిగింపబడి, రక్తప్రసారము నాపి, కొలది దినములలో దానిని రాల్చివేయును. మిక్కిలి ముదరని మొలలకు ఇదియే నేడు ప్రపంచమంతట విరివిగ వాడుకలోనున్నది.

అన్నిటికంటె ముఖ్యమైనది ఆహారము. 1967లో నాగార్జునసాగరు కాలువలకు నీరు వదలిన పిమ్మట ఈ గరిడేపల్లి మెట్టసీమ మాగాణియై, జొన్నరొట్టె, జొన్నసంకటి తిన్న యిండ్లలో మిల్లున దెల్లగ బట్టిన వరియన్నము స్థిరపడినది. అన్నమును నేను నిందింపను. కాని పీచు తగ్గి, నీరు తక్కువ ద్రావి, మలబద్ధముతో ముక్కువారికి మొలలు ముదురుట సహజము. పీచు హెచ్చించినచో రక్తస్రావము సుమారు సగమునకు తగ్గునని పలు పరీక్షలను సమీకరించిన పరిశోధకులు తేల్చిరి. ఆకుకూరలు, దంపుడుబియ్యము, జొన్న, మజ్జిగ: ఇవి ఈ పల్లెలలోనే దొరకు మందులు.

ఐనను రక్తము కనబడిన ప్రతిసారియు మొలలే యని తలచుట ప్రమాదము; పెద్దప్రేగు, పురీషనాళముల కాన్సరును అటులే తొలుత రక్తస్రావముగనే బయటపడవచ్చును. పరీక్షకు దూరము పోనక్కరలేదు; సూర్యాపేటలో 2019 నుండి ప్రభుత్వ వైద్యకళాశాల నడుచుచున్నది. కావున సోదరీసోదరులారా, సిగ్గువీడి ముందుగ వైద్యునిచే లోన బరీక్ష చేయించుకొనుడు. శస్త్రము కావలెనో వలదో ఆ పిమ్మట నిర్ణయించుకొనుడు.