మక్కాలో మన ముఅల్లిములు

ఈ ఉత్సవ సంచికలో హాజీలను సాగనంపిన మన సేవకులను తలుచుకుంటున్నాం. అవతలి కొసన వాళ్లను అందుకున్నవాళ్లనూ తలుచుకోవాలి. వాళ్లను అరబ్బీలో ముతవ్విఫ్ అంటారు, అంటే తవాఫ్ (కాబా చుట్టూ ప్రదక్షిణ) చేయించేవాడు. మనవాళ్లకు మాత్రం ముఅల్లిమే.

1480లో ఈజిప్టు సుల్తాన్ కైత్‌బే హజ్‌కు వచ్చినప్పుడు మక్కా ఖాజీ ఆయన వెంట నడిచి దువాలు చదివించాడనీ, ఈ వృత్తికి అదే మొదలనీ చెబుతారు. తర్వాత అది కొన్ని మక్కా కుటుంబాల చేతిలో తండ్రి నుంచి కొడుక్కి నడిచింది. ఒక్కో కుటుంబానికి ఒక్కో దేశం, ఒక్కో ప్రాంతం. వాళ్ల మనుషులు హజ్‌కు ముందే హిందుస్థాన్ వచ్చి యాత్రికులను కలిసేవారు. జిద్దా రేవులో దిగినవారిని వకీలు (ప్రతినిధి) అందుకునేవాడు, మదీనాలో దలీల్ తిప్పి చూపేవాడు.

అసలు బరువు మక్కాలో ఉండేది. బస, భోజనం, ఒంటెలు, గుడారాలు అన్నీ ముఅల్లిమే చూడాలి. అరబ్బీ ఒక్క ముక్క రాని రైతు కాబా ముందు నిలబడితే, దువాను ముక్కలు ముక్కలుగా పలికి, అతని చేత పలికిస్తూ ఏడు చుట్లు తిప్పేవాడు. జుల్‌హిజ్జా 9న అరఫాత్‌లో నిలవకపోతే హజ్ లేదు. జ్వరంతో పడున్న ముసలివారిని సైతం ఆ వేళకు అక్కడికి చేర్చే పూచీ అతనిదే. ఈ ఒక్క పనికే వాళ్లకు మనం రుణపడి ఉన్నాం.

ఫిర్యాదులూ ఉండేవి. యాత్రికుల కోసం పోటీ పడ్డారు, ఎక్కువ డబ్బు తీసుకున్నవాళ్లున్నారు. సౌదీ పాలన వచ్చాక నిబంధనలు పెట్టారు. 1980ల నాటికి ఆ కుటుంబాలన్నిటినీ ప్రాంతాలవారీగా ఆరు సంస్థల్లోకి చేర్చారు. అందులో ఒకటి దక్షిణాసియాది. ఆ ఇళ్ల ఆడపడుచులకూ వాటాలున్నాయి. ఇప్పుడవి కంపెనీలయ్యాయి. లక్షలమంది వచ్చేచోట ఈ మార్పు తప్పదు, పేద హాజీకి మేలు కూడా. కానీ ఇంటికి పిలిచి అన్నం పెట్టిన మనిషి స్థానంలో మక్తబ్ (కార్యాలయం) నంబరు మిగిలింది. నాకు ఆ లోటు లోటుగానే తోస్తుంది.

పాత హైదరాబాద్ సంస్థానం జిల్లాల వారికి మక్కాలో నిజాం రుబాత్ బస ఇచ్చింది. వెంట నడిచి నేర్పే పని మాత్రం నేడు చాలావరకు ఇక్కడే, బయల్దేరకముందు శిక్షణ శిబిరాల్లో జరుగుతోంది. ప్రయాణంలో రాష్ట్ర హజ్ ఇన్‌స్పెక్టర్లు (మునుపటి ఖాదిముల్ హుజ్జాజ్) తోడుంటున్నారు. ఓడమీద వెళ్లి పాత ముఅల్లిముల ఇళ్లలో దిగిన హాజీలు ఇంకా కొందరున్నారు. వాళ్లు చెప్పేది మన సంఘం ఇప్పుడే రాసి పెట్టుకోవాలని నా కోరిక.