ఒకే ఇంట్లో రెండు నంబర్లు

మా ముండ్లమూరు నుంచి, దర్శి, అద్దంకి చుట్టుపక్కల ఊళ్ల నుంచి అమెరికా వెళ్లిన పిల్లలు విమానం దిగిన వారానికే ఒకరినొకరు అడిగే మాట ‘సోషల్ వచ్చిందా?’ అని. సోషల్ అంటే సోషల్ సెక్యూరిటీ నంబరు. జీతానికీ పన్నుకూ అప్పుకూ అన్నిటికీ ఆ తొమ్మిదంకెలే ఆధారం. 2005లో పెళ్లయి, ఉద్యోగం మీద ఉన్నవాళ్ల భార్యలకిచ్చే హెచ్‌ఫోర్ వీసా మీద వెళ్లిన నాకు సోషల్ రాలేదు. మా ఆయనకు అప్పటికే ఉంది. ఎందుకు రాదని ఎవరిని అడిగినా ‘రూలు అంతే’ అన్నారు. ఆ రూలుకు అప్పటికే డెబ్బై ఏళ్ల చరిత్ర ఉంది. మా వైపు నుంచి వెళ్లే ఆడపిల్లలకు అది తెలియాలని రాస్తున్నాను.

సోషల్ సెక్యూరిటీ నంబరును పన్ను కోసం పెట్టలేదు. వలస వచ్చేవాళ్ల ఊసు అందులో అసలే లేదు. మహామాంద్యంలో ముసలివాళ్లు దిక్కులేక మిగిలిన రోజుల్లో, రూజ్‌వెల్ట్ ప్రభుత్వం 1935లో సోషల్ సెక్యూరిటీ చట్టం తెచ్చింది. పనిచేసినన్నాళ్లు జీతంలో కొంత మినహాయించుకుని, వయసు మళ్లాక పింఛను ఇస్తారు. ఎవరి జీతంలో ఎంత పట్టుకున్నారో లెక్క తప్పకుండా ఉండాలంటే మనిషికో నంబరు కావాలి. అప్పటికి దేశమంతటా సోషల్ సెక్యూరిటీ శాఖకు ఆఫీసులు లేవు. అందుకని 1936 నవంబరులో పోస్టాఫీసులకు ఆ పని అప్పగించారు. 1937 జూన్ చివరికి మూడున్నర కోట్ల కార్డులు పోస్టాఫీసుల మీదుగానే వెళ్లాయి. మొదటి మూడంకెలు రాష్ట్రాన్ని బట్టి ఉండేవి. ఈశాన్యాన న్యూహ్యాంప్‌షైర్‌కు 001. పడమటికి పోయేకొద్దీ అంకె పెరిగేది. 2011 జూన్‌లో ఆ పద్ధతి తీసేశారు. అంతకుముందు వెళ్లిన మనవాళ్ల నంబరు చూస్తే, కార్డు కోసం ఏ రాష్ట్రపు అడ్రసు ఇచ్చారో ఇప్పటికీ చెప్పవచ్చు.

ఆ తొలి చట్టంలో పొలం కూలీలకు, ఇళ్లలో పనిచేసేవాళ్లకు చోటు లేదు. దక్షిణాది నల్లజాతి వాళ్లలో ఎక్కువమంది బతుకు ఈ రెండు పనుల మీదే. 1950, 1954 సవరణలు వచ్చేదాకా వాళ్లు బయటే ఉన్నారు. ఇది చదివినప్పుడు నాకు మా పొగాకు బ్యారన్ గుర్తొచ్చింది. ఆకు కర్రలకు కట్టిందీ, రాత్రంతా మంట చూసిందీ అమ్మా నాన్నా ఇద్దరూ. పొగాకు బోర్డు దగ్గర రిజిస్ట్రేషను నాన్న పేరున, పట్టాదారు పాసుపుస్తకమూ నాన్న పేరునే. లెక్కకెక్కని పని ఎలాంటిదో అమ్మను చూసి నాకు తెలుసు.

పన్నుల శాఖ ఈ నంబరును వాడుకోవడం 1960ల్లో మొదలైంది. కంప్యూటర్లు వస్తున్న కాలం. చేతికందిన నంబరు ఉండగా కొత్తది ఎందుకనుకున్నారు. 1961లో చట్టం మార్చారు. అక్కడి నుంచి పింఛను నంబరే పన్ను నంబరైంది. మన దేశంలో 1970ల్లో పాన్ తెచ్చినప్పుడు అది పన్ను కోసమే పెట్టిన నంబరు. సంపాదన ఉన్నా లేకపోయినా అడిగిన ఆడమనిషికి పాన్ ఇస్తారు. అమెరికాలో అలా కాదు, నంబరు వేతనం వెంట నడిచింది. పనిచేసే హక్కు లేని వీసా మీద వెళ్లిన నాకు అది రాకపోవడం అందుకే.

1986లో ఇంకో చట్టం వచ్చింది. పన్నులో మినహాయింపు కోరే పిల్లలకు, అయిదేళ్లు నిండితే, నంబరు చూపించాలన్నారు. ఆ మరుసటి ఏటి రిటర్నుల్లో దాదాపు 70 లక్షల మంది పిల్లలు మాయమయ్యారు! లేని బిడ్డలను చూపించినవాళ్లు కొందరు, విడాకులు తీసుకుని ఒకే బిడ్డను ఇద్దరూ చూపించినవాళ్లు కొందరు. అప్పటి నుంచి నంబరు లేని మనిషిని రిటర్నులో రాయడం కష్టమైంది. సోషల్‌కు అర్హత లేక, రిటర్నులో పేరు రాయక తప్పనివాళ్ల కోసం 1996లో ఐటిన్ అనే నంబరు వచ్చింది. అదీ తొమ్మిదంకెలే, కానీ 9తో మొదలవుతుంది. దాంతో ఉద్యోగం చేయకూడదు, పింఛను లెక్కలోకి రాదు. అది పన్ను కాగితం మీద మాత్రమే పనికొచ్చే నంబరు.

నా కంటే ముందు వెళ్లిన కొందరు అక్కలకు డ్రైవింగ్ లైసెన్సు కోసమని సోషల్ ఇచ్చారు, ఉద్యోగానికి చెల్లదని కార్డు మీదే అచ్చువేసి. 2002లో ఆ దారీ మూసేశారు. కంపెనీ బదిలీ మీద వచ్చే ఎల్‌వన్ వీసా వాళ్ల భార్యలకు మాత్రం ఆ ఏడే పనిచేసే హక్కు వచ్చింది. పక్కపక్క ఇళ్లలో, ఒకే చదువు చదివిన ఇద్దరు తెలుగు ఆడవాళ్లలో ఒకరికి నంబరు, ఒకరికి లేదు. ఆ తేడా భర్త వీసా అక్షరాన్ని బట్టి వచ్చిందే!

నేను ఐటిన్ కోసం డబ్ల్యూ-7 ఫారం నింపాను. 2003 డిసెంబరు నుంచి రిటర్ను జత చేస్తేనే ఐటిన్ ఇస్తున్నారు, అదీ కార్డుగా కాదు, ఉత్తరంగా. సోషల్ కార్డుతో పోలిక ఉండకూడదని. 2005 పన్ను లెక్కలో మనిషికి 3,200 డాలర్ల మినహాయింపు ఉండేది కనుక ఆ కాగితం ఇంటికి విలువైనదే. మనసుకు మాత్రం కష్టంగానే ఉండింది.

ఆ కష్టం మనసుతో ఆగలేదు. 2008 మాంద్యంలో ప్రభుత్వం మనిషికి 600, జంటకు 1,200 డాలర్ల దాకా ఇచ్చింది. కలిపి రిటర్ను వేసిన జంటలో ఒక్కరికి సోషల్ లేకపోయినా ఇద్దరికీ లేదంది చట్టం. అమెరికాలో పుట్టిన, సొంత నంబరున్న బిడ్డ వాటా 300 కూడా పోయింది. కోవిడ్ వచ్చిన 2020లో 1,200 డాలర్ల చట్టంలోనూ మళ్లీ అదే షరతు. జీతం నుంచి పన్ను కట్టినవాడికి, భార్యకు నంబరు లేదని ఇవ్వకపోవడం అన్యాయం. నేనీ మాట ఎక్కడైనా అంటాను. ఆ ఏడు డిసెంబరులో సవరించి, సోషల్ ఉన్నవాళ్లకు, అది ఉన్న పిల్లలకు వెనకటి నుంచి ఇచ్చారు. 2008 నాటిది మాత్రం మాలాంటివాళ్లకు తిరిగి రాలేదు.

2015 మే 26 నుంచి, భర్త గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే ఐ-140కి ఆమోదం ఉంటే హెచ్‌ఫోర్ భార్యలు ఈఏడీ అనే పని అనుమతి కార్డు తీసుకుని పనిచేయవచ్చన్నారు. ఈఏడీ వస్తే సోషల్ వస్తుంది. నాకూ అలాగే వచ్చింది. పింఛనుకు 40 క్రెడిట్లు కావాలి. ఏడాదికి నాలుగే కనుక తక్కువలో తక్కువ పదేళ్ల పని. ఐటిన్‌తో గడిచిన ఏళ్లు ఇందులో కలవవు. భారత్‌కూ అమెరికాకూ ఈ విషయంలో ఒప్పందం లేదు కనుక పదేళ్లు నిండకుండా ఊరికి తిరిగొచ్చేవాళ్లకు, కట్టింది ఎంతైనా, ఆ పింఛను రాదు.

ఇప్పుడు వెళ్లే అమ్మాయిలకు ఒక మాట. ఐటిన్ మూడేళ్లు వరసగా రిటర్నులో వాడకపోతే చెల్లకుండా పోతుంది. సోషల్ వచ్చాక ఐటిన్ వాడటం మానేసి, రెండు నంబర్లూ మీవేనని, పాత లెక్కలు కొత్త నంబరులో కలపమని పన్నుల శాఖకు ఉత్తరం రాయండి. ఆ ఉత్తరం మీరే రాయండి, మీ ఆయనకు వదిలేయకండి.