తీగచివరి పరికరము: ఒక ఉమ్మడి కొలత చరిత్ర

గ్రామపంచాయతు లన్నిటికిని గాజుతీగల మూలమున వార్తాసౌకర్యము కల్పింపవలెనని కేంద్రప్రభుత్వము 2011లో సంకల్పించినది. ఆంధ్రప్రదేశమున పెక్కుచోట్ల విద్యుత్ స్తంభములమీదుగనే ఈ తీగలను లాగిరి. తలవెండ్రుకవంటి ఆ గాజుపోగును గూర్చి మీలో పలువురు వినియే యుందురు. దాని కొసను అమర్చెడి వ్రేలెడు పరికరమును గూర్చి వినినవారు తక్కువ. నేడు చెప్పబోవునది దాని కథ.

కంప్యూటరు ఎఱిగినది విద్యుత్తు. గాజుపోగు మోయునది వెలుతురు. కావున పోగు రెండు కొసలయందును దుబాసీలు కావలయును. విద్యుత్ సంకేతములను లేసరు వెలుగు మినుకులుగ మార్చి పంపుటయు, వచ్చిన మినుకులను మరల విద్యుత్తుగ మార్చుటయు ఈ పరికరము పని. పంపునదియు, అందుకొనునదియు నొకటే యగుటచే దీనిని ట్రాన్సీవరందురు.

మొదట దీనిని చాలవఱకు యంత్రపు పలకకే అతికించివేసెడివారు. లేసరు చెడెనా, పలకనంతయు మార్చవలసినదే. అంతకంటె పెద్ద చిక్కు మఱియొకటి. 550 మీటర్ల లోపు దూరమునకు ఒకవిధమైన లేసరు చాలును. 5 కిలోమీటర్లు పోవలెనన్న వేఱువిధము, వేఱుపోగు కావలయును. తన తీగ ఎంతదూరము పోవునో కొనువాడు ముందే తేల్చుకొనవలసి వచ్చెడిది.

1995లో ఈ చిక్కు విడినది. యంత్రము ముఖమున ఒక గూడు మాత్రముంచి, ట్రాన్సీవరును విడిగా చేసి అందులో దూర్చు పద్ధతికి కొలతలు ప్రకటింపబడెను. దీనికి గిగాబిట్ ఇంటర్ఫేస్ కన్వర్టరని పేరు. పొట్టిగ జీబిక్ అనిరి. యంత్రము నడచుచుండగనే దీనిని ఊడదీసి వేఱొకటి పెట్టవచ్చును. వేగము సెకనునకు నూరుకోట్ల సంకేతములు. ఒకరితో నొకరు పోటీపడు తయారీదారులే కూర్చుండి ఒక్క కొలతకు ఒప్పుకొనుట ఇందలి విశేషము. ఇరుసు కొలత ఒక్కటియైనచో ఏ వడ్రంగి చేసిన చక్రమైనను బండికి పట్టును గదా!

2001లో ఈ పరికరము రమారమి సగమునకు తగ్గి ఎస్.ఎఫ్.పి. అను పేర వెలువడెను. గాజుపోగునకే కాక 100 మీటర్లవఱకు పోవు రాగితీగకును ఇదే గూటిలో పట్టునట్టి పరికరములు వచ్చెను. వేయికోట్ల సంకేతముల వేగమునకు మొదట వచ్చినవి మరల పెద్దవే. వానిలోని విద్యుత్పరికరములు కొన్నిటిని యంత్రపు పలకమీదికి మార్చిన పిమ్మట, 2006 మొదలు ఎస్.ఎఫ్.పి. ప్లస్ పాత ఒడ్డుపొడుగులలోనే ఇమిడినది. తరువాత నాలుగు దారులవి, ఎనిమిది దారులవి పుట్టి వేగము 40,000 కోట్లకు ఎక్కినది.

ఇక వివాదము. ఈ పరికరములో చిన్న జ్ఞాపకపు తునుక యొకటి కలదు. ఎంతదూరపుది, ఏ వెలుగుది యని యంత్రమునకు తెలుపుటకై అందు వ్రాసియుంతురు. చేసినవారి పేరునకు 16 అక్షరముల చోటు. యంత్రములు చేయు కొందఱు ఆ పేరును చదివి, తమది కానిచో పనిచేయనీయకుండునట్లు ఏర్పాటు చేసికొనిరి. కొలత సరియే, వెలుగు సరియే; పేరు గిట్టదు! పరుల సరకు చెడినచో నింద తమపై బడునని వారి సమాధానము. అందు కొంత నిజము లేకపోలేదు. కాని ఉమ్మడి కొలతవలన లాభపడినవారే గూటికి తాళము వేయుట నాకు న్యాయముగ తోపదు. కొనువారును ఊరకుండలేదు. కోరిన పేరును ఆ తునుకలో వ్రాసియిచ్చు వర్తకులు బయలుదేరిరి. కొన్ని యంత్రములయందు ఆ తనిఖీని మానిపించు ఆజ్ఞయు కలదు. అయితే దానిని టైపుచేసినంతనే, ఇకమీదట పూచీ మాది కాదని తెరమీద హెచ్చరిక కనబడును.