భాగం 9: గ్రామీణ ప్రజారోగ్యంపై స్థానిక సంస్థల పర్యవేక్షణ – ఉత్తర కోస్తా అనుభవం (1871–1994)

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• జిల్లా బోర్డులకు ప్రజారోగ్య బాధ్యత ఎలా సంక్రమించిందో వివరించగలుగుతారు.
• బోర్డు, ఆరోగ్యాధికారి, గ్రామోద్యోగి – ఈ ముగ్గురి పాత్రలను వేరుచేసి చూపగలుగుతారు.
• 1939 నాటి మద్రాసు ప్రజారోగ్య చట్టం ప్రాముఖ్యాన్ని అంచనా వేయగలుగుతారు.
• బాధ్యతకూ నిధులకూ మధ్య ఏర్పడిన అంతరం నేటి పంచాయతీలను ఎలా ప్రభావితం చేస్తున్నదో చర్చించగలుగుతారు.

9.1 పరిచయం

విజయనగరం జిల్లాలో సముద్రతీరాన ఉన్న మండలం భోగాపురం. విశాఖపట్నం నుంచి శ్రీకాకుళం వెళ్ళే జాతీయ రహదారి దీని గుండా పోతుంది. తీరం వెంట ముక్కాం వంటి మత్స్యకార గ్రామాలు, లోపలికి వెళ్తే మెట్ట పొలాలు, కొబ్బరి, జీడిమామిడి తోటలు కనిపిస్తాయి. ఇటీవల విమానాశ్రయం వల్ల ఈ పేరు రాష్ట్రమంతటికీ పరిచయమైంది. ఇలాంటి ఒక ఊరిలో బావి నీరు కలుషితమైతే దానిని శుభ్రం చేయించవలసింది ఎవరు? కాలువలో మురుగు నిలిస్తే ఎవరిని అడగాలి? విరేచనాలు ప్రబలితే మొదట ఎవరికి తెలియాలి?

ఈ ప్రశ్నలకు ఒక్కో కాలంలో ఒక్కో సమాధానం ఉంది. విజయనగరం జిల్లా 1979 జూన్ 1న శ్రీకాకుళం, విశాఖపట్నం జిల్లాల నుంచి కొన్ని ప్రాంతాలను వేరుచేయగా ఏర్పడింది. అంతకుముందరి చరిత్ర కోసం మనం మద్రాసు రాష్ట్రంలోని పాత విశాఖపట్నం జిల్లాను, దాని జిల్లా బోర్డును పరిశీలించాలి.

9.2 స్థానిక నిధి నుంచి జిల్లా బోర్డు దాకా

భారతదేశంలో ప్రభుత్వం పారిశుధ్యంపై మొదట దృష్టి పెట్టింది ప్రజల కోసం కాదు, సైన్యం కోసం. భారతదేశంలోని బ్రిటిష్ సైన్యం ఆరోగ్య పరిస్థితిపై 1859లో నియమించిన రాయల్ కమిషన్ 1863లో నివేదిక ఇచ్చింది. ఆ మరుసటి సంవత్సరం మూడు ప్రెసిడెన్సీలలోనూ శానిటరీ కమిషన్లు ఏర్పడ్డాయి. సిపాయిల దండు పక్కనున్న ఊళ్ళలో కలరా ఉంటే దండుకు కూడా ముప్పేనని అప్పుడు గుర్తించారు. ఆ విధంగా ప్రజల ఆరోగ్యం ప్రభుత్వ లెక్కలోకి వచ్చింది.

అయితే ఖర్చు ఎవరు భరించాలి? 1870లో వైస్రాయి మేయో ప్రభుత్వం రోడ్లు, విద్య, వైద్యం వంటి ఖర్చుల భారాన్ని రాష్ట్రాలకూ స్థానిక ఆదాయాలకూ మళ్ళించింది. దాని ఫలితమే 1871 నాటి మద్రాసు స్థానిక నిధుల చట్టం. భూమిపై సెస్సు వసూలు చేసి, ఆ సొమ్ముతో రోడ్లు, పాఠశాలలు, ఆసుపత్రులు, టీకాలు, పారిశుధ్యం చూసుకోవాలని ఈ చట్టం నిర్దేశించింది. అధ్యక్షుడు మాత్రం కలెక్టరే.

1882 మే 18 నాటి రిప్పన్ తీర్మానం తరువాత, 1884లో మద్రాసు స్థానిక బోర్డుల చట్టం వచ్చింది. దీని ప్రకారం మూడంచెలు ఏర్పడ్డాయి:
1. జిల్లా బోర్డు – జిల్లా మొత్తానికి
2. తాలూకా బోర్డు – ఒకటి లేదా కొన్ని తాలూకాలకు
3. యూనియన్ పంచాయతీ – ఎంపిక చేసిన గ్రామాలకు లేదా గ్రామ సముదాయాలకు

యూనియన్ పంచాయతీలు ఇంటిపన్ను వసూలు చేసి వీధిదీపాలు, చెత్త ఎత్తివేత, బావుల బాగు చూసుకునేవి. యూనియన్ లేని గ్రామాల బాధ్యత తాలూకా బోర్డుది. ఇక్కడ ఒక తేడా గమనించండి. భోగాపురానికి దగ్గరలోనే ఉన్న రేవు పట్టణం భీమునిపట్నంలో 19వ శతాబ్దపు అరవైలలోనే పురపాలక సంఘం ఏర్పడింది. పట్టణానికి సొంత ఆదాయం, సొంత పారిశుధ్య సిబ్బంది ఉన్నారు. చుట్టుపక్కల పల్లెలు మాత్రం ఎక్కడో సమావేశమయ్యే బోర్డుపై ఆధారపడవలసి వచ్చింది. ఆ బోర్డు నిధులలో పెద్ద వాటా రోడ్లకే పోయేది.

9.3 ఊరి నుంచి సమాచారం: మునసబు, కరణం

పర్యవేక్షణకు మొదటి మెట్టు సమాచారం. ఏ ఊళ్ళో ఎవరు ఏ జబ్బుతో చనిపోయారో తెలియకుండా బోర్డు ఏమీ చేయలేదు. 1899 నాటి మద్రాసు జనన మరణాల నమోదు చట్టం ఇందుకు ఆధారం. గ్రామాలలో ఈ పుస్తకం గ్రామోద్యోగుల చేతిలో ఉండేది. శిస్తు వసూలు చూసే మునసబే ఊళ్ళో కలరా సోకిందని పైకి తెలియజేయవలసిన వాడు.

ఈ ఏర్పాటులో ఒక లోపం ఉంది. మునసబు వైద్యుడు కాడు. చాలా మరణాలు 'జ్వరం' అనే ఒక్క పద్దులోకి చేరేవి. అమ్మవారు సోకిందని భావించే మశూచిని దాచిపెట్టే కుటుంబాలూ ఉండేవి. కాబట్టి ఆనాటి మరణాల అంకెలను మీరు చరిత్ర ఆధారాలుగా వాడినప్పుడు, అవి జబ్బుల లెక్క ఎంతో, నమోదు చేసే పద్ధతి లెక్క కూడా అంతేనని గుర్తుంచుకోండి.

9.4 ఆరోగ్యాధికారి రాక

1919 సంస్కరణలతో స్థానిక పరిపాలన, ప్రజారోగ్యం 'బదిలీ అయిన అంశాలు'గా మారి ఎన్నికైన మంత్రుల చేతికి వచ్చాయి. 1920లో కొత్త స్థానిక బోర్డుల చట్టం వచ్చింది. మద్రాసులో జస్టిస్ పార్టీ ప్రభుత్వం ఏర్పడింది. స్థానిక పరిపాలన శాఖను చూసినవారు తెలుగువారైన పానుగంటి రామరాయనింగారు, అంటే పానగల్ రాజా. 1921 నుంచి 1926 వరకు ఆయనే ముఖ్యమంత్రి. ఆయన కాలంలోనే ప్రతి జిల్లాకూ ఒక ఆరోగ్యాధికారి, ఆయన కింద హెల్త్ ఇన్‌స్పెక్టర్లు ఉండే పథకం అమలులోకి వచ్చింది. వైద్యుడు లేని పల్లెల్లో స్థిరపడే డాక్టర్లకు ప్రభుత్వ సహాయధనం ఇచ్చే గ్రామీణ వైద్యశాలల పథకం కూడా 1920లలో మొదలైంది.

ఈ మార్పు ఎలా పనిచేసేదో ఒక ఊహా ఉదాహరణతో చూద్దాం. మహాశివరాత్రికి రామతీర్థం జాతరకు వేలమంది వెళ్తారు. తిరిగివచ్చిన నాలుగు రోజులకు తీరప్రాంతపు ఒక పల్లెలో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి అనుకోండి. మునసబు కబురు పంపుతాడు. హెల్త్ ఇన్‌స్పెక్టర్ వచ్చి బావులలో మందు కలిపిస్తాడు, టీకాలు వేయిస్తాడు, రోగి బట్టలు చెరువులో ఉతకవద్దని చెబుతాడు. జిల్లా ఆరోగ్యాధికారి పరిస్థితిని సమీక్షించి అదనపు మనుషులను, మందులను అడుగుతాడు. ఆ ఖర్చుకు బోర్డు మంజూరు కావాలి.

ఈ గొలుసులో మూడు లంకెలు ఉన్నాయని మీరు గమనించి ఉంటారు: ఊరిలో చూసే కన్ను, జబ్బు తెలిసిన అధికారి, డబ్బు ఇచ్చే బోర్డు. ఇందులో ఏ ఒక్కటి తెగినా మిగిలిన రెండూ నిరుపయోగమే. ఆరోగ్యాధికారికి జ్ఞానం ఉంది, ఖజానా లేదు. బోర్డుకు ఖజానా ఉంది, కానీ సభ్యులకు తమ ఊరి రోడ్డు మీద ఉన్న శ్రద్ధ పక్క ఊరి బావి మీద ఉండనవసరం లేదు. రోడ్డు కంటికి కనిపిస్తుంది. రాకుండా ఆగిపోయిన కలరా ఎవరికీ కనిపించదు. ప్రజారోగ్యానికి నిధులు తగ్గడానికి ఇది ముఖ్య కారణాలలో ఒకటి.

విశాఖపట్నం జిల్లా విస్తీర్ణం ఈ ఇబ్బందిని ఇంకా పెంచింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడినప్పుడు కొరాపుట్ ప్రాంతం అటు వెళ్ళింది. గంజాం జిల్లాలోని శ్రీకాకుళం, టెక్కలి ప్రాంతాలు విశాఖపట్నం జిల్లాలో చేరాయి. 1950లో శ్రీకాకుళం ప్రత్యేక జిల్లా అయ్యేవరకు ఈ పరిస్థితి కొనసాగింది. పైగా 1934లో తాలూకా బోర్డులను రద్దుచేశారు. ఊరికీ జిల్లా కేంద్రానికీ మధ్య ఉన్న మెట్టు అలా పోయింది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
1) 1884 చట్టం ఏర్పరచిన మూడంచెలు ఏవి?
2) జిల్లా ఆరోగ్యాధికారికి ఉన్న ప్రధాన పరిమితి ఏమిటి?

9.5 1939 మద్రాసు ప్రజారోగ్య చట్టం

తెగుతున్న లంకెలను చట్టంతో బిగించే ప్రయత్నమే 1939 నాటి మద్రాసు ప్రజారోగ్య చట్టం. ప్రజారోగ్యం మొత్తానికి ఒకే సమగ్ర చట్టం చేయడం భారతదేశంలో ఇదే మొదటిసారి. దీనిలో మూడు అంశాలు మనకు ముఖ్యం.

మొదటిది, నిధుల కేటాయింపు. ప్రభుత్వ గ్రాంట్లు కాక మిగిలిన ఆదాయంలో పురపాలక సంఘాలు కనీసం 30 శాతం, జిల్లా బోర్డులు కనీసం 12½ శాతం ప్రజారోగ్యానికి కేటాయించాలి. బోర్డు సభ్యుల ఇష్టాయిష్టాలకు వదిలిన విషయం దీనితో చట్టబద్ధమైన విధి అయింది. రెండవది, పైనుంచి పర్యవేక్షణ. స్థానిక సంస్థలు చేపట్టవలసిన చర్యలను ప్రజారోగ్య డైరెక్టరు సిఫారసు చేయవచ్చు. మూడవది, నిర్దిష్ట అధికారాలు. నీటి వనరులు, మురుగు పారుదల, అంటువ్యాధులు, సంతలు, తీర్థాలు వంటి వాటిపై వేర్వేరు అధ్యాయాలు ఉన్నాయి.

ఈ రెండు శాతాలను పక్కపక్కన పెట్టి మరోసారి చూడండి. పట్టణానికి 30, పల్లెకు 12½. భీమునిపట్నానికీ చుట్టుపక్కల పల్లెలకూ మధ్య 1860లలో మొదలైన తేడా 1939 చట్టంలో అంకెల రూపంలో కనిపిస్తుంది. జిల్లా బోర్డుకు రోడ్ల వంటి ఇతర భారాలు ఉన్నాయన్నది నిజమే. అయినా ఎక్కువ జనం నివసించేది పల్లెల్లోనే.

9.6 బోర్డుల తరువాత

1943లో నియమితమైన భోర్ కమిటీ 1946లో ఇచ్చిన నివేదిక, చికిత్సనూ నివారణనూ ఒకే కేంద్రం నుంచి అందించాలని సూచించింది. 1952లో మొదలైన సమాజ వికాస పథకంతో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు వచ్చాయి. 1959లో ఆంధ్రప్రదేశ్‌లో జిల్లా బోర్డుల స్థానంలో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు ఏర్పడ్డాయి.

ఈ దశలో జరిగిన మార్పును జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. డాక్టరు, ఆరోగ్య కార్యకర్తలు క్రమంగా రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ అజమాయిషీలోకి చేరారు. బావి, కాలువ, చెత్త పంచాయతీ దగ్గర మిగిలాయి. మశూచి నిర్మూలన వంటి పెద్ద పనులకు కేంద్రీకృత శాఖ ఎంతో ఉపయోగపడింది. కానీ దోమకు ఈ విభజన తెలియదు. ఉత్తర కోస్తాలో చాలాకాలంగా బాధిస్తున్న బోదకాలు వ్యాధికి మాత్ర ఇచ్చేది ఒక శాఖ. ఆ దోమ పెరిగే మురుగు తీయించవలసింది పంచాయతీ.

1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ 11వ షెడ్యూలులో 29 అంశాలను చేర్చింది. వాటిలో 23వది ఆరోగ్యం, పారిశుధ్యం. ఆసుపత్రులు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, డిస్పెన్సరీలు కూడా ఇందులో భాగమే. 1994లో ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం వచ్చింది. అయితే షెడ్యూలులో పేరు చేర్చినంత మాత్రాన సిబ్బంది, నిధులు వాటంతట అవే బదిలీ కావు. వాటిని ఎంతవరకు బదిలీ చేయాలో నిర్ణయించేది రాష్ట్ర శాసనసభ. 1871లో వేసిన ప్రశ్న – బాధ్యత కిందికి దించినప్పుడు డబ్బు కూడా దిగుతుందా? – ఇంకా సజీవంగానే ఉంది.

9.7 సారాంశం

గ్రామీణ ప్రజారోగ్య పర్యవేక్షణ సమాచారం, నైపుణ్యం, నిధులు అనే మూడింటి కలయిక. 1871, 1884 చట్టాలు బోర్డుకు బాధ్యతనిచ్చాయి. 1920లలో నైపుణ్యం తోడైంది. 1939 చట్టం నిధులకు కనీస హద్దు గీసింది. 1959 తరువాత నైపుణ్యం రాష్ట్ర శాఖకు, పారిశుధ్యం పంచాయతీకి చెంది, మూడూ ఒకచోట కలిసే వేదిక బలహీనపడింది.

9.8 ముఖ్య పదాలు

సెస్సు: ఒక నిర్దిష్ట ప్రయోజనం కోసం పన్నుపై అదనంగా వసూలు చేసే మొత్తం.
మునసబు: శిస్తు వసూలు, శాంతిభద్రతలు, జనన మరణాల నమోదు చూసిన గ్రామోద్యోగి.
బదిలీ అయిన అంశాలు: 1919 చట్టం కింద మంత్రులకు అప్పగించిన పాలనాంశాలు.

9.9 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. క్రింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1) 1871 నుంచి 1939 వరకు గ్రామీణ ప్రజారోగ్య పర్యవేక్షణలో వచ్చిన మార్పులను వివరించండి.
2) 'బాధ్యత ఒకచోట, నిధులు మరొకచోట' – స్థానిక సంస్థల చరిత్ర ఆధారంగా చర్చించండి.

II. క్రింది ప్రశ్నకు 10 పంక్తులలో సమాధానం రాయండి.
1) జనన మరణాల నమోదును చరిత్ర ఆధారంగా వాడడంలో పాటించవలసిన జాగ్రత్తలు ఏవి?

కృత్యం: మీ గ్రామ పంచాయతీ కార్యాలయానికి వెళ్ళి, గత సంవత్సరపు పద్దులలో తాగునీరు, పారిశుధ్యాలకు ఎంత ఖర్చయిందో అడిగి తెలుసుకోండి. అది మొత్తం ఖర్చులో ఎంత శాతమో లెక్కకట్టి, 1939 చట్టంలోని 12½ శాతంతో పోల్చి ఒక పేజీ రాయండి. పోల్చేటప్పుడు నాటి జిల్లా బోర్డు విధులకూ నేటి పంచాయతీ విధులకూ ఉన్న తేడాను తప్పక పేర్కొనండి.