సంక్లిష్ట పిండిపదార్థాలు: వరి గింజ నుంచి కండరం వరకు

మైలవరం చుట్టుపక్కల వరి కోతలు, నూర్పిళ్లు అయ్యాక ధాన్యం ఇంటికి, గడ్డి వాముకు చేరడం మీరు చూసే ఉంటారు. గింజలోని స్టార్చి, గడ్డిలోని సెల్యులోజ్ రెండూ గ్లూకోజ్ అణువుల గొలుసులే. మరి అన్నం మనకు అరుగుతుంది, గడ్డి ఎందుకు అరగదు?

ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త ఆన్సెల్మ్ పాయెన్ 1838లో మొక్కల కణకవచాల నుంచి సెల్యులోజ్‌ను వేరుచేశారు. స్టార్చిలోని మూలకాలే, అదే నిష్పత్తిలో, అందులోనూ ఉన్నాయని గుర్తించారు. తేడా గ్లూకోజ్ అణువులను కలిపే బంధంలో ఉందని తరువాత తేలింది. స్టార్చిలో ఆల్ఫా బంధాలుంటాయి. వీటిని మన లాలాజలం, క్లోమరసాలలోని అమైలేజ్ విడగొడుతుంది. సెల్యులోజ్‌లో బీటా బంధాలుంటాయి. వాటిని విడగొట్టే ఎంజైమ్ మనలో లేదు. పశువుల ప్రథమ ఆమాశయంలోని సూక్ష్మజీవులు ఆ పని చేస్తాయి.

జంతువులు గ్లూకోజ్‌ను గ్లైకోజెన్ రూపంలో నిల్వ చేసుకుంటాయి. 1857లో క్లాడ్ బెర్నార్డ్ దీనిని కాలేయం నుంచి వేరుచేశారు. దీనికి స్టార్చి కంటే శాఖలు ఎక్కువ. ప్రతి శాఖ చివర నుంచీ గ్లూకోజ్ విడుదల కాగలదు కాబట్టి అవసరమైనప్పుడు నిల్వ త్వరగా అందుతుంది.

గ్లైకోజెన్ లాక్టిక్ ఆమ్లంగా మారడమే కండర సంకోచానికి నేరుగా శక్తినిస్తుందని 1920లలో భావించేవారు. ఈ భావన మారడంలో 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుకు ముఖ్యమైన పాత్ర ఉంది. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఆయన, రంగు గాఢతను బట్టి ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ ఉన్నట్లు వారిద్దరూ వెల్లడించారు. ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు కూడా అదే కాలంలో ఈ పదార్థాన్ని గమనించారు.

1930లో డెన్మార్క్ శాస్త్రవేత్త ఐనార్ లుండ్స్‌గార్డ్, లాక్టిక్ ఆమ్లం ఏర్పడకుండా ఆపినా కండరం కొంతసేపు సంకోచిస్తుందనీ, ఆ సమయంలో ఫాస్ఫోక్రియాటిన్ తరిగిపోతుందనీ చూపారు. అంటే కండరం అప్పటికప్పుడు వాడుకునేది ఫాస్ఫేట్ సమ్మేళనాలను. వాటిని తిరిగి నింపే నిల్వ గ్లైకోజెన్. ఆ నిల్వ ముందుగా గ్లూకోజ్-1-ఫాస్ఫేట్‌గా విడిపోతుందని 1936లో కోరి దంపతులు కనుగొన్నారు. గ్లైకోజెన్ మార్పులపై చేసిన కృషికి వారు 1947లో నోబెల్ బహుమతి పంచుకున్నారు.

మీ ప్రగతిని సరిచూసుకోండి: గ్లైకోజెన్ శాఖలు లేని పొడవాటి గొలుసైతే, పరుగెత్తే మనిషి కండరాలకు ఏ ఇబ్బంది కలుగుతుంది? నాలుగు వాక్యాలలో రాయండి.