పడడానికి అనువైన రాయి

తాడు కట్టుకుని అందరికంటే ముందు రాతిగోడ ఎక్కేవాడు పడనే కూడదన్నది ఒకప్పటి కట్టుబాటు. దానికి బలమైన కారణమే ఉంది. 1865 జూలై 14న మాటర్‌హార్న్ శిఖరం దిగుతున్న ఏడుగురిలో ఒకరు కాలు జారితే నారతాడు తెగి నలుగురు చనిపోయారు. సరిగా సాగని ఆ తాడు తెగకపోయినా ఒక్క కుదుపుతో ఆపి మనిషిని గాయపరిచేది. పడటమే నిషేధమైన చోట, ఎక్కడ పడితే ప్రమాదం తక్కువన్న ప్రశ్నకు తావుండదు. ఆ ప్రశ్నకు దారి తీసింది నైలాన్ తాడే అని చాలామంది అనుకుంటారు. నా దృష్టిలో సాధన అంతకంటే ముందే దారి తీసింది. 1932లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో రిచర్డ్ లియొనార్డ్, ఆయన మిత్రులు క్రాగ్‌మాంట్ క్లైంబింగ్ క్లబ్ పెట్టి, ఊళ్లోని చిన్న బండల మీద కావాలని పడుతూ సాధన చేశారు. కింద పట్టుకున్నవాడు తాడును నడుం చుట్టూ తిప్పుకుని, ఒక్కసారిగా బిగబట్టకుండా కాస్త జారనిచ్చేవాడు. ఆ జారుడులోనే పడే వేగం చచ్చిపోయేది. నైలాన్ తాళ్లు వచ్చింది ఆ తర్వాత, రెండో ప్రపంచయుద్ధ కాలంలో. లియొనార్డ్, ఆర్నాల్డ్ వెక్స్‌లర్ ఇలా పడేవాణ్ని ఆపడం వెనకున్న లెక్కలను 1946లో సియెర్రా క్లబ్ బులెటిన్‌లో ప్రచురించారు.

న్యూమెక్సికోలోని షిప్‌రాక్ ఇంకో పాఠం చెప్పింది. 1937లో అక్కడ రాబర్ట్ ఓర్మ్స్ పడినప్పుడు ఆయన్ను ఆపిన ఇనుప మేకు వంగిపోయింది. 1939లో డేవిడ్ బ్రౌవర్ బృందం అదే కొండను ఎక్కుతూ, మేకు దిగని చోట రాతికి రంధ్రం చేసి బోల్టులు బిగించింది. పడితే ఏది ఆపుతుందో ఎక్కేముందే తేల్చుకోవడం అన్నమాట.

ఇలా ముందుండి ఎక్కే లీడ్ క్లైంబింగ్‌లో ఎదుగుతున్నవాళ్లు మార్గం ఎంచుకునేటప్పుడు చూడాల్సింది కూడా ఇదే. మార్గం ఎంత కష్టమో చెప్పే గ్రేడ్ ఒక్కటే చూస్తే చాలదు. చివరి బోల్టుకు 2 మీటర్లు పైన చేయి జారితే కనీసం 4 మీటర్లు పడతాం. అప్పటికి 20 మీటర్ల తాడు బయట ఉంటే ఆ కుదుపును తాడంతా పంచుకుంటుంది. 5 మీటర్ల తాడే ఉంటే కుదుపు గట్టిగా తగులుతుంది, తాడు సాగితే నేలా తగులుతుంది. అందుకే మొదటి రెండు మూడు బోల్టులు దగ్గరదగ్గరగా ఉండాలి, మధ్యలో అరుగులు ఉండకూడదు, గోడ కొంచెం బయటికి వాలి ఉండాలి. అలాంటి గోడ మీద పడినవాడికి చుట్టూ గాలే ఉంటుంది. మాలావత్ పూర్ణ 2014లో ఎవరెస్ట్ ఎక్కడానికి ముందు శిక్షణ పొందిన భువనగిరి లాంటి వాలుబండ చూడ్డానికి సులువే కానీ, పడితే ఒళ్లంతా రాతికి రాసుకుపోతుంది.

బయటికి వాలిన గోడ కొత్తవాళ్లకు కష్టం కదా అంటారు. పెద్ద పట్లున్న మార్గాలూ అక్కడ ఉంటాయి, అవే వెతుక్కోవాలి. పడటం అలవాటైతే అజాగ్రత్త పెరుగుతుందన్న భయం ఇంకా బలమైనది, దాన్ని కొట్టిపారేయలేను. కానీ పడటమంటే భయం పోనివాళ్లు పట్టును అవసరానికి మించి బిగించి త్వరగా అలసిపోతారు, చివరికి తయారుగా లేని చోట పడతారు. వాలుబండల మీద పాదం నిలపడం నేర్చుకోవాల్సిందే. మొదట్లో దానికి పైనుంచి వేసిన తాడు చాలు.