భారతదేశంలో భాషాశాస్త్ర వేసవి పాఠశాలలు

భారతీయ భాషలపై పరిశోధన చేసేవారికి దేశమంతటికీ ఉమ్మడిగా శిక్షణ ఇవ్వడానికి పుణేలోని దక్కన్ కళాశాల కేంద్రంగా 1954లో మొదలైన ఏర్పాటు ఇది. పిహెచ్.డి. పట్టానికి సిద్ధమవుతున్నవారు, కళాశాలల్లో భాషలు బోధించే అధ్యాపకులు ఏటా కొన్ని వారాలపాటు ఒకచోట చేరి ధ్వనిశాస్త్రం, వ్యాకరణ విశ్లేషణ, మాండలిక సేకరణ నేర్చుకునేవారు. ఆధునిక భాషాశాస్త్రం మనదేశంలో వేళ్లూనుకోవడంలో ఏ ఒక్క విశ్వవిద్యాలయ శాఖకన్నా ఈ పాఠశాలల పాత్రే పెద్దది.

పూర్వరంగం

కలకత్తా విశ్వవిద్యాలయంలో తులనాత్మక భాషాధ్యయన శాఖ 1907లోనే వెలిసింది. భారత భాషాశాస్త్ర సంఘం 1928లో లాహోరులో ఏర్పడింది. అయినా పల్లెకు వెళ్లి, మనిషి ఎదుట కూర్చుని, అతని నోటి మాటను రాసుకుని విశ్లేషించే పని నేర్పే చోటు మాత్రం ఎక్కడా లేదు. 1894లో మొదలై 1928లో ముగిసిన గ్రియర్సన్ భాషా సర్వే 179 భాషలను లెక్కకు తెచ్చింది గానీ, మద్రాసు, హైదరాబాదు, మైసూరు ప్రాంతాలు ఆ సర్వే పరిధిలోకి రాలేదు. దక్షిణాది భాషలకు ఆ లోటు చాలాకాలం తీరలేదు.

ఆ రోజుల్లో పనిచేసినవారు ఒంటరిగా పనిచేశారు. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులు సవరల మధ్య తిరిగి, వారి భాషను సొంతంగా నేర్చుకుని, 1931లో సవర భాషా బోధినిని, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువును వెలువరించారు. ఇంత పని చేసినా ఆయన పద్ధతిని నలుగురు శిష్యులు కూర్చుని నేర్చుకునే పీఠమంటూ లేకపోయింది. పండితులకు కొరత లేదు, పని నేర్పే వ్యవస్థకే కొరత.

పుణే ప్రయత్నం

1821లో సంస్కృత పాఠశాలగా పుట్టి, 1934లో మూతపడి, 1939లో పరిశోధన సంస్థగా తిరిగి తలుపులు తెరిచింది దక్కన్ కళాశాల. దాని సంచాలకుడు సుమిత్ర మంగేశ్ కత్రే సంస్కృత పండితుడు. సంస్కృతానికి చారిత్రక మహానిఘంటువు తలపెట్టిన ఆయనే, వాడుక భాషల వర్ణనకూ కొత్త తరం కావాలని గట్టిగా నమ్మారు. 1953లో పుణేలో భాషావేత్తలు, విద్యావేత్తలు సమావేశమై దారి వేశాక, అమెరికాలోని రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ ధనసహాయంతో భాషా ప్రణాళిక రూపుదిద్దుకుంది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి, భాషాప్రయుక్త రాష్ట్రాల కోసం దేశమంతా పట్టుబడుతున్న కాలమది. భాషల గురించి అందరూ మాట్లాడుతున్నారు, వాటిని శాస్త్రీయంగా పరిశీలించగలవారు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేటంతమంది.

ప్రణాళిక రెండువైపులా నడిచింది. ఇక్కడి యువ పరిశోధకులు అమెరికా విశ్వవిద్యాలయాలకు వెళ్లారు. అక్కడినుంచి గోర్డన్ ఫెయిర్‌బ్యాంక్స్, చార్లెస్ ఫెర్గూసన్, జాన్ గంపర్జ్, విలియం బ్రైట్, హెన్రీ హోనిగ్స్‌వాల్డ్ వంటివారు వచ్చి పాఠాలు చెప్పారు. తొలి తరగతులు పుణేలో జరిగాక, పాఠశాల డెహ్రాడూన్, మైసూరు, కోయంబత్తూరు వంటి ఊళ్లకూ కదిలింది. ఇలా ఊరూరా తిరగడంలోనే దాని బలమంతా ఉందని చెప్పాలి. బెంగాలీ పరిశోధకుడు, తమిళ అధ్యాపకుడు, మరాఠీ విద్యార్థి ఒకే బల్ల దగ్గర ఒకే పద్ధతి నేర్చుకోవడం అంతకుముందు ఎరగని సంగతి.

అక్కడ నేర్పిన పని పైకి తేలిగ్గా కనిపిస్తుంది. తనకు రాని భాష మాట్లాడే వ్యవహర్తను ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఇంటి వస్తువుల పేర్లు, అంగాల పేర్లు, అంకెలు, చిన్నచిన్న వాక్యాలు అడుగుతూ, విన్నది విన్నట్టు ధ్వనిలిపిలో రాసుకోవాలి. తెలుగు రానివాడు 'నెల', 'నేల' విని, అచ్చు నిడివి మారితే అర్థం మారుతోందని పట్టుకోవాలి. అది తేలాకే ఆ భాషలో హ్రస్వ దీర్ఘాలు వేర్వేరు వర్ణాలని తీర్మానించాలి. ఒక్కో మాటా ఒక్కో చీటీ మీదికెక్కుతుంది. చీటీలను వర్గాలుగా పేర్చి, ప్రత్యయాలను విడదీసి, వ్యాకరణం తేల్చాలి. లిపిని నమ్మకుండా చెవిని నమ్మడం నేర్చుకోవడమే ఇందులో అసలు కష్టం.

తరువాతి దశ

విదేశీ సహాయం ఆగాక బాధ్యత విశ్వవిద్యాలయాలపై పడింది. యూజీసీ 1960ల తొలినాళ్లలో పుణేలోనూ, అన్నామలై విశ్వవిద్యాలయంలోనూ ఉన్నత అధ్యయన కేంద్రాలను నెలకొల్పింది. రెండోది ద్రావిడ భాషలకు ముఖ్యస్థానమైంది. మన పి. ఎస్. సుబ్రహ్మణ్యం ద్రావిడ క్రియా నిర్మాణంపై రాసిన గ్రంథాన్ని 1971లో ఆ విశ్వవిద్యాలయమే ప్రచురించింది. 1969లో మైసూరులో భారతీయ భాషల కేంద్ర సంస్థ ఏర్పడి, డి. పి. పట్నాయక్ తొలి సంచాలకుడయ్యారు.

తెలుగునాట

ఇక్కడ ఈ తరానికి ముందు నిలిచినవారు భద్రిరాజు కృష్ణమూర్తి. ఒంగోలులో 1928లో పుట్టి, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో 1957లో డాక్టరేట్ పొందారు. తెలుగు ధాతువులపై ఆయన పరిశోధన 1961లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ద్వారా అచ్చయింది. 1962లో ఉస్మానియాలో భాషాశాస్త్ర శాఖను నెలకొల్పారు. చేకూరి రామారావు వంటివారు బోధించిన ఆ శాఖ తెలుగు వాక్య నిర్మాణ పరిశోధనకు నెలవైంది.

కృష్ణమూర్తి చేపట్టిన మాండలిక వృత్తి పదకోశాన్ని ప్రత్యేకంగా చెప్పుకోవాలి. తొలి సంపుటం వ్యవసాయ పదాలది, ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో వెలువరించింది. మేడి, కర్రు, కాడి వంటి మాటలను జిల్లాజిల్లా తిరిగి రైతుల నోట విని రాసుకున్నారు. ఏ మాట ఎక్కడ మారుతుందో గమనించి, తెలుగును పూర్వ, దక్షిణ, ఉత్తర, మధ్య మండలాలుగా విభజించారు. చేనేత సంపుటం 1971లో వచ్చింది. అరకు ప్రాంతపు కొండదొరల భాష కూబికి ఆయన రాసిన వర్ణనాత్మక వ్యాకరణం 1969 నాటిది. పుణే పాఠశాలల్లో నేర్పిన క్షేత్ర పద్ధతి తెలుగునేల మీద ఏంచేయగలదో ఈ పుస్తకాలు చూపిస్తాయి.

ఇప్పుడు భాషాశాస్త్ర శాఖలు పెరిగాయి, పిహెచ్.డి.లూ పెరిగాయి. కానీ ఒక శాఖ విద్యార్థికి మరో శాఖలో ఏం జరుగుతోందో తెలిసే అవకాశం తక్కువ. రెండు తెలుగు రాష్ట్రాల్లో గోండి, కొలామి, కువి, గదబ, సవర మాట్లాడేవారు ఉన్నారు. ఈ భాషల మీద పనిచేసే పరిశోధకులను, ఆ భాషలే తల్లిభాషలైన యువతీయువకులను ఏటా ఒక నెల ఒకచోట కూర్చోబెట్టే ఉమ్మడి పాఠశాలను మన విశ్వవిద్యాలయాలు కలిసి వెంటనే ప్రారంభించాలి.